సగం డెసిబెల్

మేము ఆ రిసీవర్‌ని ఆదివారం నాడు పరీక్షించాం. నా తప్పు అక్కడ మొదలైంది. బొగ్గుబాయి కాలనీల్లో ఆదివారాన్ని ప్లే డే అంటారు. ఆ రోజు బొగ్గు తీయరు, బెల్టులు తిరగవు, మోటార్లు చాలావరకు ఆగిపోతాయి. మేము వెళ్లిన ఆదివారం మరమ్మతు కోసం బాయిలో గాలి ఆడించే పెద్ద ఫ్యాన్ కూడా ఆపారు. "పని రోజులల్ల వస్తే మాకు అడ్డమైతరు మేడం, ప్లే డే నాడు రాండ్రి" అని బాయి మేనేజరు దేవదాస్ గారే చెప్పారు. మాకూ అదే సుఖమనిపించింది. ఆ నిశ్శబ్దంలో నా యంత్రం తొంభై మీటర్ల లోతు నుంచి వచ్చే సిగ్నల్‌ని గోడ గడియారం చప్పుడంత స్పష్టంగా వినిపించింది. దేవదాస్ గారు మెచ్చుకున్నారు. నేను బెల్లంపల్లి బస్టాండులో పావుకిలో జిలేబీ కొనుక్కుని ఒక్కదాన్నే తినేశాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నా పేరు రేవతి. కరీంనగర్‌లో ఓంప్రకాశ్ గారి చిన్న ఎలక్ట్రానిక్స్ కార్ఖానాలో డిజైన్ ఇంజినీరుని. అదేదో పెద్ద హోదా అనుకోకండి, అక్కడ బొమ్మ గీసేదీ నేనే, సోల్డరింగు చేసేదీ నేనే. మా బాపు మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. మా ఇంట్లో అన్నానికి రమ్మనాలన్నా అరవాల్సిందే. అందుకేనేమో, రొద అంటే నాకు చిన్నప్పటి నుంచీ పగ. చదువులో కూడా ఆ పగ తీర్చుకునే పనే ఎంచుకున్నాను. బలహీనమైన రేడియో సిగ్నల్‌ని, రొద కలవకుండా పెంచే యాంప్లిఫయర్లు చేయడం నా పని.

ఈ పనిలో మొదటి మెట్టే ముఖ్యం. యాంటెన్నా పట్టిన సన్నటి సిగ్నల్‌ని మొదట పెంచే ఆ చిన్న ట్రాన్సిస్టరు తన సొంత రొదను కలిపిందంటే, తర్వాత ఎన్ని మెట్లు పెట్టినా సిగ్నలూ రొదా కలిసే పెరుగుతాయి. విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకని ఆ మొదటి మెట్టు కోసం నేను ఏడు నెలలు కూర్చున్నాను. నలభై రకాల ట్రాన్సిస్టర్లు మార్చాను.

అదంతా బాయిలో చిక్కుకున్న మనిషిని వెతకడానికి. పనివాడి నడుము బెల్టుకు సబ్బుబిళ్లంత డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని మేము బిళ్ల అనే పిలిచేవాళ్లం. అది బండరాతిలోంచి పైకి వచ్చేంత తక్కువ ఫ్రీక్వెన్సీలో టక్కు టక్కుమని కొడుతుంటుంది. మనిషి కదులుతున్నంతసేపూ, చివరికి ఊపిరికి పొట్ట కదిలినా సరే, గబగబా కొడుతుంది. పది నిమిషాలు ఏ కదలికా లేకపోతే నెమ్మదిస్తుంది. నెమ్మదించిందంటే అర్థం ఏమిటో రెస్క్యూ వాళ్లకు నేనే స్వయంగా శిక్షణలో చెప్పాను.

మా కార్ఖానాలో హనుమండ్లన్న అని పాత రేడియో మెకానిక్ ఉన్నాడు. ఏ డిగ్రీలూ లేవు, చెవి మాత్రం ఉంది. నా డిజైను చూసి ఒక్కటే అడిగాడు.

"మేడం, ముంగట ఫిల్టర్ ఏది?"

"తీసేసిన అన్నా."

"ఎందుకు?"

"ఫిల్టర్ పెడితే అదే సగం డెసిబెల్ తినేస్తుంది. కింద నుంచి వచ్చే సిగ్నల్ ఎంత సన్నగుంటదో నీకు తెలుసు గదా. అందులోంచి దానికి వాటా ఇస్తే ఏం మిగుల్తది?"

"మిగిలినకాడికి మిగుల్తది. జల్లెడ లేకపోతే మోటర్ల రొదంత సక్కగ లోపలికొస్తది. మొదటి మెట్టే నిండిపోతది. ఇగ సన్న సప్పుడు ఏడ ఇనబడ్తది?"

నేను నవ్వేశాను. ఆ సగం డెసిబెల్ నాకు అంత ముద్దు. మా రొద అంకె ఎంత తక్కువో చూసి బెంగళూరు వాళ్లు కూడా నోరు తెరుస్తారని ఓంప్రకాశ్ గారు అంటే మురిసిపోయాను. ఆదివారం పరీక్షలో నెగ్గాక హనుమండ్లన్న మాటను పూర్తిగా మర్చిపోయాను. "పని నడిచే రోజు ఒక్కపారి చూద్దాం మేడం" అని అతను రెండుసార్లు గుర్తు చేశాడు. రెండుసార్లూ రేపు చూద్దామన్నాను.

నవంబరు రెండో వారంలో, ఒక శుక్రవారం పొద్దున దేవదాస్ గారు ఫోన్ చేశారు. బాయిలో బొగ్గు తీసే నాలుగో పానెల్‌లో బొగ్గు దానంతటదే వేడెక్కి పొగ లేచిందట. ఐదుగురు బయటికి వచ్చారు. మొండయ్య అనే పంపు ఆపరేటరు రాలేదు. అతను అందరికంటే దిగువన, పంపు దగ్గర ఉన్నాడు. పైకి వచ్చే దారి నిండా పొగ.

ఒంటిగంటకల్లా అక్కడికి చేరాను. పానెల్‌కి సరిగ్గా పైన ఒక పత్తి చేను ఉంది. పత్తి ఏరుతున్న ఆడవాళ్లు వరసలు వదిలి గట్టు మీద నిలబడ్డారు. నాలుగు కర్రలు పాతి, చుట్టూ యాంటెన్నా తీగ కట్టి, నా యంత్రం ముందు కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

మా బాపు షెడ్డులో ఉన్నట్టే అనిపించింది. ఒకటే గుయ్యిమనే రొద. మీటరు ముల్లు కుడి చివరకు పోయి అతుక్కుపోయింది, కదలదు. నూట యాభై గజాల దూరంలో ఫ్యాన్ హౌజు. దాని పక్కనుంచే బాయిలోకి పోయే కరెంటు కేబుళ్లు. నా మొదటి మెట్టు అంత రొదకు నిండిపోయి, దాని కింద ఏం ఉన్నా పట్టలేని స్థితికి వచ్చేసింది. ఆ సంగతి తెలియడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

తీగను అటు తిప్పాను, ఇటు తిప్పాను. పెంపు తగ్గించి చూశాను. సాయంత్రం ఐదింటికి హనుమండ్లన్నకు ఫోన్ చేశాను.

"నిండిపోయింది గద మేడం" అన్నాడు, నేను చెప్పకముందే. నేను అనుకున్నట్టు దెప్పలేదు. "ఇప్పుడు ఫిల్టర్ చేసుడు అయ్యేది కాదు. ఫ్యాను, పంపులు ఒక్క పది నిమిషాలు బంద్ చేయించు. అయితే ఇనబడ్తది."

"లోపల రెస్క్యూ వాళ్లు ఆరుగురున్నరు అన్నా. ఫ్యాన్ ఆపితే విషపు గాలి వాళ్ల మీదికి తిరుగుతది."

"అయితే వాళ్లను బయటికి రమ్మను. అడుగు మేడం. అడిగితే పోయేదేమున్నది?"

పోయేది నాకు తెలుసు. ఎందుకు ఆపాలని దేవదాస్ గారు అడుగుతారు. నా యంత్రం చెవిటిదని చెప్పాలి. ప్లే డే నాడు చూపించి నెగ్గించుకున్నానని చెప్పాలి. అంతలో ఓంప్రకాశ్ గారి ఫోన్ వచ్చింది.

"సిగ్నల్ వచ్చిందా, రాలేదా? నువ్వు అంతవరకే చెప్పాలి రేవతీ. మిషన్ ఎట్లుందని నిన్నెవరూ అడుగలే. మిగతా బాయిలన్నిటికీ మనవే పెట్టాల్నని మాట నడుస్తుంది, యాదికుంచుకో" అన్నారు.

ఆయన మీద తోసేస్తే తప్పించుకున్నట్టు అవుతుందని నాకు తెలుసు. అడగకుండా ఉన్నది నేనే. అడిగినా ఒప్పుకోరులే, ఆరుగురి ప్రాణాలతో ఎవరు ఆడతారు, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రొదలోంచి ఏదైనా తేలుతుందేమోనని చీకటిపడే దాకా హెడ్‌ఫోన్ తీయలేదు.

మొండయ్య భార్య శంకరవ్వ అప్పుడే వచ్చింది. నలభై ఎనిమిదేళ్లు ఉంటాయేమో. ఎవరి ఓదార్పూ పట్టించుకోకుండా నేరుగా వచ్చి నా పక్కన మట్టిలో కూర్చుంది.

"చెల్లె, గా మిషన్ల మా ఆయన సప్పుడు వస్తుందా?"

"ఇంకా రాలేదక్కా."

"వస్తది. జర మంచిగ ఇను. ఖాళీగ కూసుంటే ఆయనకు కాళ్లు ఊపే అలవాటు. ఎన్నిసార్లు తిట్టినా మానలే. గిప్పుడు గూడ ఊపుకుంటనే ఉంటడు."

నేను తల ఊపాను. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

శనివారం మధ్యాహ్నానికి లోపలి గాలి లెక్కలు పాడయ్యాయి. దేవదాస్ గారు చేలో అడ్డంపడి నడుచుకుంటూ వచ్చారు. నిన్నటి నుంచి కంటి మీద కునుకు లేదు, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మంచి మనిషి. ఆ మాట ఇప్పటికీ అంటాను.

"మేడం, ఇంక ఆగితే పేలుతది. గాలి అందకుంట పానెల్‌కు గోడ కట్టాలె. గోడ కడితే లోపల మనిషి ఉన్నా..." ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. "మొండయ్య ఇగ లేడని నాకు నమ్మకం గావాలె. మీ మిషన్ల ఏమన్న వచ్చిందా?"

"ఏమీ రాలేదు సార్."

"రాలేదంటే, లేనట్టేనా?"

ఇంత సూటిగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. లేనట్టు కాదు సార్, నాకు వినబడటం లేదు, అని చెప్పాలి. ఆయన చేతిలో కాగితం, పెన్ను ఉన్నాయి. వెనకాల ఇద్దరు పెద్ద ఆఫీసర్లు నిలబడి నా వైపే చూస్తున్నారు.

"సిగ్నల్ లేదు సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా అనగలిగాను. నిన్నటి నుంచి ఎడతెగకుండా విన్నామనీ సిగ్నల్ అందలేదనీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి, టైము వేశాను. ఒకటీ ఇరవై. పొద్దుగూకే లోపు గోడ అయిపోయింది. అందరినీ బయటికి పంపేశారు. శంకరవ్వను నలుగురు ఆడవాళ్లు పట్టుకుని కాలనీకి తీసుకుపోయారు. ఆమె పెద్దగా ఏడవలేదు. వెనక్కి తిరిగి తిరిగి చేను వైపు చూస్తూ పోయింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి తీగ చుట్టుకుపోవడానికి చేనుకు వచ్చాను. పిట్టల కూతలు వినబడుతున్నాయి. వింతగా అనిపించి నిలబడ్డాను. అప్పుడు తట్టింది, ఫ్యాన్ ఆపేశారని. గోడ కట్టేశాక ఆ వైపు గాలితో పనిలేదు. లోపల మనిషి లేడు. పైగా ప్లే డే. పంపులూ లేవు, బెల్టులూ లేవు.

బ్యాటరీ ఎంత ఉందో చూద్దామని స్విచ్ వేశానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. నాకు తెలుసుకోవాలని ఉంది.

రెండు రోజులుగా కుడి చివర అతుక్కున్న ముల్లు ఎడమకు పడిపోయింది. తర్వాత చిన్నగా ఎగిరింది. మళ్లీ ఎగిరింది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. టక్ టక్ టక్ టక్, చిన్న విరామం, మళ్లీ నాలుగు. ఒక్కో బిళ్లకు ఒక్కో వరస ఉంటుంది. మొండయ్య బిళ్లది నాలుగు. గబగబా కొడుతోంది.

అతను బతికే ఉన్నాడు. రెండు రోజుల నుంచీ ఉన్నాడు. నేను సంతకం పెట్టినప్పుడు కూడా ఉన్నాడు.

చెప్పులూ ఫోనూ అక్కడే వదిలేసి ఆఫీసుకు పరిగెత్తాను. తాళం. ప్లే డే కదా. వాచ్‌మన్ ఫోన్‌లోంచి దేవదాస్ గారికి చేశాను. చాలాసేపటికి ఎత్తారు. సంగతి చెప్పాను.

"నిన్న లేదంటిరి గద మేడం."

"నిన్న ఫ్యాన్ నడుస్తుండె సార్. ఫ్యాన్ నడుస్తుంటే నా మిషన్‌కు ఏదీ వినబడదు. శుక్రవారమే తెలిసింది నాకు. చెప్పలేదు."

"శుక్రవారమే" అన్నారు ఆయన. తిట్టలేదు. తిడితే బాగుండేది. "పోయి చేల్నే కూసోండి. ఆ సప్పుడును ఇడువకండి."

గంటలో రెస్క్యూ జీపులు వచ్చాయి. రెస్క్యూ కెప్టెన్ లక్ష్మణ్ చేనుగట్టు దగ్గర జీపు ఆపించి వచ్చి హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని విన్నాడు. నిన్న ఆ గోడ కట్టింది అతనూ అతని మనుషులే. తీసి నా చేతికిచ్చాడు.

"ఇంతకు ఫ్యాన్ ఆపాల్నంతే గదా?"

"అంతే అన్నా."

"మేడం, నిన్న ఒక్క మాట అడిగుంటే మేమే బయటికొచ్చేటోళ్లం. రాను పోను రెండు గంటల పని. పొద్దుగాల టీ తాగనీకె రెండుసార్లు వచ్చినం."

అతను వెళ్లిపోయాడు. నేను సిగ్గుతో తల దించుకుని మళ్లీ ముల్లు ముందు కూర్చున్నాను.

గోడ పగలగొట్టి లోపలికి పోవడం కుదరదని నాకు తర్వాత వివరంగా చెప్పారు. బయటి గాలి తగిలితే నిప్పు ఒక్కసారిగా లేస్తుంది. ఆ గోడ ముందు ఇంకో గోడ కట్టి, రెండింటికీ చిన్న తలుపులు పెట్టి, ఒకటి మూశాకే ఇంకొకటి తెరవాలి. ఎంత తొందరగా చేసినా సాయంత్రం ఐదవుతుంది. ఈ వైపు ఫ్యాన్ అప్పటిదాకా వేయబోమని, సిగ్నల్‌లో మార్పు ఉంటే లక్ష్మణ్‌కు చెప్పమని దేవదాస్ గారు కబురు పంపారు. బతికున్న మనిషి కోసమైతే ఆరుగురు ఆ నిప్పు పక్కకు పోతారు. లేకపోతే పోనక్కరలేదు.

పన్నెండింటికి శంకరవ్వ వచ్చింది. కాలనీ నుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో.

"ఉన్నడంట గద చెల్లె."

"ఉన్నడక్కా."

"నేను చెప్పలే? జర నాకియ్యి, నేనింట."

నేను హెడ్‌ఫోన్ తీసి ఆమె తలకు పెట్టాను. ఆమె కొంగు తీసి చెవుల మీద సర్దుకుంది. కొంచెంసేపు ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత ముఖమంతా విచ్చుకుంది.

"ఇది ఆయనేనా? వేరేటోళ్లది కాదు గదా?"

నాలుగు వేళ్లు చూపించి, ఇది ఆయన బిళ్లదే అని సైగ చేశాను. ఆమె ఆ లెక్క పట్టుకుంది. మోకాలి మీద వేలితో నాలుగేసి కొట్టుకుంటూ కూర్చుంది. మధ్యమధ్యలో ఆయనతో మాట్లాడింది. ఇంటి వెనక గోడ కూలిందని ఎన్నిసార్లు చెప్పినా వినలేదని కసిరింది. వచ్చినంక గీ బాయి పని బంద్ పెట్టాలని చెప్పింది. హెడ్‌ఫోన్ పెట్టుకోవడంతో తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆమెకు తెలియడం లేదు. పత్తి చేలో వాళ్లందరికీ ఆ మాటలు వినబడుతున్నాయి. నేను మీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాను. నాలుగు ఎగుర్లు, విరామం. నాలుగు ఎగుర్లు, విరామం. ఐదయ్యే వరకు ఇలాగే ఉండనీ, నా ఉద్యోగం పోనీ, నన్ను జైల్లో పెట్టనీ, ఇది మాత్రం ఇలాగే ఉండనీ అని మొక్కుకున్నాను.

రెండూ నలభైకి ముల్లు ఒకసారి ఎగిరి ఆగింది. ఎంతోసేపటికి ఇంకోసారి ఎగిరింది. మళ్లీ అంతసేపు.

బెల్టు తీసి పక్కన పెట్టి ఉంటాడనుకున్నాను. నడుము నొప్పికి తీసి ఉంటాడు. కాసేపటికి మళ్లీ పెట్టుకుంటాడు. ముల్లు వైపు చూస్తూ పావుగంట అలాగే గడిపాను. మారలేదు. ఆ పది నిమిషాల లెక్క పెట్టింది నేను. అది నెమ్మదించేటప్పటికే కదలిక ఆగి పది నిమిషాలు దాటి ఉంటుందని కూడా నాకు తెలుసు.

శంకరవ్వ వేలు మోకాలి మీద ఆగింది. ఆమె కళ్లు మూసుకుని వింటోంది.

"ఇప్పుడు నిమ్మళంగ కొడ్తంది చెల్లె" అంది. "అలిసిపోయి పండుకున్నట్టుండు. రెండు దినాల సంది నిద్ర లేకపాయె."

అప్పుడే నా ఫోన్ మోగింది. లక్ష్మణ్. లోపలి ఫోన్ నుంచి మాట్లాడుతున్నాడు. మొదటి తలుపు అయిందట, మనుషులు మాస్కులు పెట్టుకుంటున్నారట. "ఎట్లుంది మేడం, కొడ్తుందా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా శంకరవ్వ కళ్లు తెరిచి, పెదవి మీద వేలు పెట్టుకుని, మెల్లగా మాట్లాడమని నాకు సైగ చేసింది. ఆయన నిద్ర చెడిపోతుందని.

ఆమె చెప్పినట్టే మెల్లగా మాట్లాడాను.

"నెమ్మదైందన్నా. రెండూ నలభైకి. మీ మనుషులను లోపలికి పంపకండి."